40 నిఘా కెమెరాల తుది బిల్లు కమిటీ ముందుకొస్తోంది: సంతకం పెట్టే ముందు ఏమేం తనిఖీ చేయాలి?

ఆడిట్‌_కమిటీ (ప్రశ్న)

నమస్కారం. స్థానిక కౌన్సిల్ ఆడిట్ కమిటీ సభ్యుల తరఫున అడుగుతున్నాను. 40 నిఘా కెమెరాలు బిగించి మూడేళ్లు నిర్వహించే కాంట్రాక్టు ఇది. పని పూర్తయిందని కాంట్రాక్టరు నివేదిక ఇచ్చారు. ఇంజనీరు సంతకంతో కొలతల పుస్తకం, స్తంభం స్తంభానికీ ఫొటో జతచేశారు. వచ్చే సమావేశంలో తుది బిల్లు మా ముందుకు వస్తుంది.

ఒప్పందంలో ముఖ్యమైనవి ఇవి: 4 మెగాపిక్సెల్ కెమెరాలు, 30 రోజుల రికార్డింగ్, కరెంటు పోయినా నాలుగు గంటలు నడవాలి, నెలకు 95 శాతం పనితీరు ఉండాలి. అంతకు తగ్గితే నిర్వహణ బిల్లులో కోత పడుతుంది.

మూడు విషయాలు తెలుసుకోవాలి. కాంట్రాక్టరు మాట మీద ఆధారపడకుండా, సాంకేతిక చదువు లేని సభ్యులు సొంతంగా పరీక్షించగలిగేవి ఏవి? కాగితాల్లో మోసం సాధారణంగా ఎక్కడ దాగుతుంది? ఇక మూడోది, రాయితీలు, సహాయ భృతులు తప్పుడు వివరాలతో తీసుకుంటున్నవాళ్లని ఇవే కెమెరాలతో పట్టుకోవచ్చని ఒక ప్రతిపాదన వచ్చింది. దానికి కమిటీ ఏం చెప్పాలి?

---

తీగలూ_స్తంభాలూ

ఫొటోలు పక్కన పెట్టేయండి. స్తంభం మీద కెమెరా ఉందని ఫొటో చెబుతుంది, అది రికార్డు చేస్తోందని చెప్పదు. తనిఖీ రికార్డర్ (అన్ని కెమెరాల వీడియో దాచే యంత్రం) ఉన్న గదిలో మొదలుపెట్టండి, వీధుల్లోకి తర్వాత వెళ్లవచ్చు.

ముందు 30 రోజుల సంగతి. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున వచ్చే ఒక కెమెరా వీడియో రోజుకు 43.2 జీబీ అవుతుంది (4 ని 86,400 సెకన్లతో హెచ్చవేసి 8 తో భాగించండి). 40 కెమెరాలకు రోజుకు 1,728 జీబీ, 30 రోజులకు దాదాపు 52 టీబీ. రికార్డర్‌లో 8 టీబీ డిస్కులు ఆరు ఉన్నాయనుకుందాం. బిల్లులో 48 టీబీ అని కనిపిస్తుంది. ఒక డిస్కు చెడినా రికార్డింగు పోకుండా రెయిడ్ 5 పెడితే ఒక డిస్కంత చోటు దానికే పోయి 40 టీబీ మిగులుతుంది. అది 23 రోజులకు సరిపోతుంది, 30 కి సరిపోదు.

ఈ తేడాని కప్పిపుచ్చడానికి మామూలుగా మూడు దారులు తొక్కుతారు. రెయిడ్ తీసేస్తారు, అప్పుడు ఒక్క డిస్కు పోతే దానిమీద ఉన్నదంతా పోయినట్టే. లేదా బిట్‌రేట్ (సెకనుకు వచ్చే వీడియో డేటా) సగానికి కోసేస్తారు. కదలిక లేని దృశ్యం బాగానే కనిపిస్తుంది, మనిషి పరుగెత్తగానే ముఖం గళ్లుగళ్లుగా విడిపోతుంది. మూడోది, కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా అమర్చడం. ఇది అన్నిచోట్లా తప్పు కాదు గానీ చీకట్లో దూరంగా జరిగే కదలికని కెమెరా పట్టుకోకపోతే మీకు కావలసిన ఆ రెండు నిమిషాలే ఉండవు. హెచ్.265 (వీడియోని కుదించే కొత్త పద్ధతి) వాడాం కాబట్టి సగం చోటు చాలంటే నమ్మవచ్చు. కానీ ప్రతి కెమెరా నిజంగా హెచ్.265 లోనే పంపుతోందా అన్నది సెట్టింగుల్లో చూడాలి. కొన్ని పాత హెచ్.264 లోనే ఉండిపోతుంటాయి.

లెక్కలు వద్దనుకుంటే ఇంకా సులువైన పద్ధతి ఉంది. 40 చీటీలు రాసి, రికార్డర్ గదిలోనే పది తీయండి. ఒక్కో చీటీకి ఒక తేదీ, ఒక వేళ కూడా చీటీలోంచే రావాలి. తేదీల్లో 28, 29 రోజుల కిందటివీ, వేళల్లో రాత్రి రెండు గంటలూ తప్పక ఉండేలా చూడండి. అక్కడికక్కడే ప్లేబ్యాక్ తెరవమనండి. ఏ కెమెరా, ఏ సమయం అన్నది ముందుగా ఎవరికీ తెలియకూడదు. (బిగింపు పూర్తయి 30 రోజులు దాటకపోతే ఈ పరీక్ష చేయలేరు. అలాంటప్పుడు తుది బిల్లు ఆపి ఉంచడమే సరైనది.)

ప్లేబ్యాక్‌లో ఇంకొకటి గమనించాలి. తెర మీద ప్రత్యక్షంగా కనిపించేది స్పష్టంగా ఉండి, రికార్డయ్యేది నాసిరకంగా ఉండవచ్చు. ఇలాంటి కెమెరా మామూలుగా రెండు వీడియో ప్రవాహాలు పంపుతుంది: ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చోటు మిగుల్చుకోవడానికి చిన్న దాన్ని రికార్డు చేయించి, పెద్ద దాన్ని తెర మీద చూపించడం కష్టమేమీ కాదు. అందుకే పది క్లిప్పులూ పెన్‌డ్రైవ్‌లోకి తీయించి, వేరే కంప్యూటర్లో ఫైల్ వివరాలు చూడండి. 4 మెగాపిక్సెల్ అంటే కనీసం 2560 × 1440 ఉండాలి. 704 × 576 అని కనిపిస్తే మీరు డబ్బు కట్టిన కెమెరా ఒకటి, దాచిపెడుతున్న వీడియో ఇంకొకటి.

ఇక దూరం. "ఈ కూడలి మొత్తం కవర్ అవుతుంది" అన్న మాట ఎప్పుడూ అంగీకరించకండి. దేనికి కవర్ అవుతుందో అడగండి. నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 (2014 కూర్పు) ప్రకారం మనిషి ఉన్నాడని కనిపెట్టడానికి మీటరు వెడల్పుకు 25 పిక్సెళ్లు, తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి 125, తెలియని మనిషిని నిర్ధారించడానికి 250 కావాలి. 2560 పిక్సెళ్ల వెడల్పున్న కెమెరా 90 డిగ్రీల కోణంలో చూస్తుంటే, 5 మీటర్ల దూరంలో దృశ్యం 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. అక్కడ 256 పిక్సెళ్లు వస్తాయి, ముఖం నిర్ధారించవచ్చు. 10 మీటర్ల దగ్గర 128. 50 మీటర్ల దగ్గర 25.6, అంటే ఎవరో నడుస్తున్నారని మాత్రమే తెలుస్తుంది. కాబట్టి ఒక్కో కెమెరాకి "ఇక్కడ ముఖం తెలియాలి", "ఇక్కడ గుంపు కనిపిస్తే చాలు" అని రాసిన పట్టిక లేకుండా పని పూర్తయిందని అనడానికి ఆధారమే ఉండదు.

రాత్రి పూట వాహనాల నంబరు ప్లేట్లకి ఇంకో సమస్య. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చేలా తెరిచి ఉండే సమయం) 1/25 సెకను ఉంటే ఆ లోపల బండి 40 సెంటీమీటర్లు కదిలిపోతుంది, ప్లేటు గీతలా అలికినట్టు వస్తుంది. 1/500 పెడితే 2 సెంటీమీటర్లే. కానీ అంత తక్కువ సేపు తెరిస్తే దృశ్యం చీకటైపోతుంది, ప్లేటు మీదికి విడిగా ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు కావాలి. ఒకే కెమెరా వీధినీ నంబరు ప్లేటునీ రాత్రి పూట రెండూ బాగా తీస్తుందని ఎవరైనా చెబితే తీసి చూపించమనండి.

కేబుల్ దగ్గర జరిగేది పచ్చి మోసం. బిల్లులో రాగి అని ఉంటుంది, వేసేది రాగి పూత పూసిన అల్యూమినియం. తీగ కొనని బ్లేడుతో గీకితే లోపల వెండి రంగు బయటపడుతుంది. ఇంకా గట్టి ఆధారం కావాలంటే మల్టీమీటర్ చాలు: 100 మీటర్లకు ఒక్క తీగ నిరోధం 9.38 ఓములు మించకూడదు. పూత తీగలో అది తేలిగ్గా దాటిపోతుంది. దీని ఫలితం ఎలా కనిపిస్తుందంటే, కెమెరా పగలంతా బాగుంటుంది. చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగలోనే వోల్టేజీ పడిపోతుంది, కెమెరా రీబూట్ అవుతూ ఉంటుంది. రికార్డర్ లాగ్‌లో (జరిగినవన్నీ వేళతో నమోదయ్యే జాబితాలో) రాత్రి పూట మాత్రమే తెగిపోతున్న కెమెరాలు కనిపిస్తే ముందు కేబుల్ మీదే అనుమానపడండి. రాగి తీగకీ 100 మీటర్లే హద్దు. అంతకు మించిన దూరానికి ఫైబర్ వేయాలి.

బ్యాటరీ: ఒక స్తంభం పెట్టెలో నాలుగు కెమెరాలు, ఒక్కోటి 8 వాట్లు, నెట్‌వర్క్ స్విచ్ (వాటి తీగల్ని కలిపే పరికరం) 15 వాట్లు అనుకుంటే 47 వాట్లు. నాలుగు గంటలకు 188 వాట్-అవర్లు. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో ఉండేది 84 వాట్-అవర్లే, నష్టాలు పోను గంట గడవడమే కష్టం. 26 ఏహెచ్ కొత్తలో అంచున నిలబడుతుంది, ఏడాది తర్వాత నిలబడదు. 42 ఏహెచ్ ఉంటే నిశ్చింత. మెయిన్ స్విచ్ ఆపి నాలుగు గంటలు చూడటం తప్ప దీనికి వేరే పరీక్ష లేదు.

చివరగా చిన్నవి రెండు. అన్ని కెమెరాల గడియారాలూ ఒకే టైమ్ సర్వర్‌తో నడవాలి. రెండు కెమెరాల మధ్య మూడు నిమిషాల తేడా ఉంటే వాటి ఫుటేజిని కలిపి సాక్ష్యంగా చూపడం కష్టమవుతుంది. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ ఒక్క కెమెరాలోనూ మిగలకూడదు. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల పరికరాల్ని ఆక్రమించింది ఇలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డుల తోనే. వాటిలో కెమెరాలూ, రికార్డర్లూ చాలా ఉన్నాయి.

---

వోచరు_మీద_వోచరు

పైన చెప్పినవన్నీ బాగున్నాయి. డబ్బు వైపు కూడా అదే సూత్రం: ఎవరిని తనిఖీ చేస్తున్నారో వాళ్ల చేతిమీదుగా వచ్చిన కాగితాన్ని ఆధారంగా తీసుకోకండి.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డిక్సన్ సుమారు 16,000 జనాభా ఉన్న ఊరు. అక్కడి ఆర్థిక అధికారి రీటా క్రండ్‌వెల్ 1990 నుంచి 2012 వరకు 5.37 కోట్ల డాలర్లు కాజేసింది. ఊరి పేరుతోనే ఒక రహస్య బ్యాంకు ఖాతా తెరిచి, ప్రభుత్వానికి కట్టాల్సిన పనుల పేరిట దొంగ బిల్లులు పుట్టించి, డబ్బు అందులోకి మళ్లించింది. ఏటా ఆడిట్ జరుగుతూనే ఉంది. ఆమె సెలవులో ఉండగా ఆ పని చూస్తున్న మరో ఉద్యోగి ఊరి ఖాతాలన్నిటి స్టేట్‌మెంట్లూ నేరుగా బ్యాంకునే అడగడంతో ఆ ఖాతా బయటపడింది. అన్నేళ్లూ స్టేట్‌మెంట్లు ఆమె చేతికే వచ్చేవి, లెక్క సరిచూసేదీ ఆమే. కౌన్సిల్ పేరు మీద ఉన్న ఖాతాల పూర్తి జాబితా బ్యాంకు నుంచి కమిటీకి నేరుగా రావాలని ఈ సమావేశంలోనే తీర్మానం చేయండి. ఖర్చేమీ లేని పని.

మీ బిల్లుకి వద్దాం. మూడు కాగితాలు కలవాలి: వర్క్ ఆర్డరు, సరుకు అందిన రసీదు, ఇన్వాయిస్. ఈ మూడింటిలో రకం, సంఖ్య, ధర ఒకటే ఉండటం సరిపోదు, మూడింటి మీదా ఒకే మనిషి సంతకం ఉండకూడదు. కెమెరాల విషయంలో నాలుగో కాగితం కూడా దొరుకుతుంది, అది అన్నిటికన్నా నమ్మదగినది. ప్రతి కెమెరాకీ సీరియల్ నంబరు, మాక్ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే సంఖ్య) ఉంటాయి. నెట్‌వర్క్ స్విచ్ నుంచి మాక్ అడ్రసుల జాబితా తీయించి ఇన్వాయిస్‌లోని జాబితాతో పోల్చండి. ఇన్వాయిస్‌లో 40 ఉండి స్విచ్‌లో 36 కనిపిస్తే, ఆ నాలుగూ ఎక్కడున్నాయో కాంట్రాక్టరే చూపించాలి. సీరియల్ నంబర్లు తయారీదారుకి పంపి వారంటీ ఎప్పుడు మొదలైందో అడగండి. మీ ఆర్డరు కన్నా ముందే మొదలైన వారంటీ అంటే వేరేచోట వాడి తెచ్చిన సరుకు కావచ్చు.

95 శాతం షరతు మీద కొంచెం సేపు ఆగాలి. 30 రోజుల నెలకు 720 గంటలు. 40 కెమెరాలకు 28,800 కెమెరా-గంటలు. అందులో 5 శాతం అంటే 1,440 గంటలు. రెండు కెమెరాలు నెలంతా చచ్చిపోయి ఉన్నా సరిగ్గా 1,440 గంటలే! అంటే లెక్క అన్నిటికీ కలిపి తీస్తే, రెండు కెమెరాలు మూడేళ్లపాటు ఒక్క నిమిషం పనిచేయకపోయినా పూర్తి బిల్లు చెల్లించాల్సి వస్తుంది. ఆ రెండూ ఎక్కడివో ఎవరికి అనుకూలమో చెప్పనక్కరలేదు. కాబట్టి 95 శాతం ఒక్కో కెమెరాకి విడిగా ఉండాలి, 48 గంటలకు మించి ఆగిన ప్రతి కెమెరాకీ వేరుగా కోత ఉండాలి.

అది కూడా దేన్ని కొలిచి? చాలా ఒప్పందాల్లో పింగ్ (నెట్‌వర్క్ మీద "ఉన్నావా?" అని అడిగే చిన్న సందేశం) లెక్క పెడతారు. కెమెరాకి కరెంటు ఉంటే పింగ్‌కి బదులిస్తుంది. అద్దం మీద సాలెగూడు ఉన్నా, ఎవరో గుడ్డ కప్పినా, గోడ వైపు తిరిగినా బదులిస్తుంది. రికార్డర్‌లో నిజంగా దాచబడిన వీడియో నిమిషాలే లెక్క కావాలి. దానితో పాటు వారానికోసారి ఒక్కో కెమెరా నుంచి పగలు ఒకటి, రాత్రి ఒకటి బొమ్మ తీసి, బిగించిన రోజు బొమ్మ పక్కన పెట్టి చూడాలి.

టెండరు ఫైలు కూడా తెప్పించుకోండి. కలిసికట్టుగా వేసిన టెండర్ల ఆనవాళ్లు కాగితం మీదే దొరుకుతాయి: వేరువేరు కంపెనీల పత్రాల్లో ఒకే అక్షర దోషం, ఒకే కంప్యూటర్లో తయారైనట్టు ఫైలు వివరాలు, ఒకే బ్రాంచి నుంచి వరస నంబర్లతో బ్యాంకు గ్యారంటీలు, ఓడిన కంపెనీయే తర్వాత సబ్ కాంట్రాక్టరుగా రావడం. ఒక్కటి కనిపిస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు. మూడు కనిపిస్తే బిల్లు ఆపి విచారణకు పంపాలి.

పనుల్ని ముక్కలు చేయడం పాత విద్యే. టెండరు అక్కర్లేని పరిమితి ఎంతో చూసి, దానికి 10 శాతం లోపల కింద ఉన్న బిల్లులన్నీ ఏడాది ఖాతాలోంచి వేరు చేయండి. ఒకే కంపెనీకి నెల లోపల రెండు మూడు వెళ్లి ఉంటే అవి ఒకే పని కావడానికే అవకాశం ఎక్కువ.

ఇంకొకటి, కాంట్రాక్టరు బ్యాంకు ఖాతా మారిందని ఉత్తరమో ఈమెయిలో వస్తే, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేయకండి. అసలు ఒప్పందంలో ఉన్న నంబరుకే చేసి నిర్ధారించుకోవాలి. కాంట్రాక్టరు నిజాయితీపరుడైనా బయటి మోసగాళ్లు చెల్లింపుని ఇలా మళ్లించేస్తారు.

కెమెరాల సంఖ్య పెంచే ప్రతి అదనపు ఆర్డరునీ విడిగా చర్చకు పెట్టండి. షికాగోలో సిగ్నల్ దాటిన వాహనాల్ని పట్టే కెమెరాల కాంట్రాక్టులో లంచాలు తీసుకున్న రవాణా శాఖ అధికారికి 2016లో పదేళ్ల జైలు శిక్ష పడింది. కెమెరాలు పెరిగేకొద్దీ లంచమూ పెరిగే ఏర్పాటు ఉందన్నది అక్కడి అభియోగం. ఎన్ని పెట్టామన్నది విజయంగా చెప్పుకునే చోట ఈ ప్రమాదం ఉంటుంది.

---

ఆడిట్‌_కమిటీ

చాలా కృతజ్ఞతలు ఇద్దరికీ. మా షరతు చదివి చూశాం, 95 శాతం అన్ని కెమెరాలకూ కలిపే ఉంది. సంతకాలైన ఒప్పందాన్ని ఇప్పుడు మార్చగలమా?

---

వోచరు_మీద_వోచరు

ఏకపక్షంగా మార్చలేరండి. రెండు పక్షాలూ ఒప్పుకుంటే సవరణ చేయవచ్చు. ఒప్పుకోకపోయినా మీ చేతిలో ఒక మార్గం ఉంది: ఎలా కొలవాలో ఒప్పందంలో రాయలేదంటే కొలిచే పద్ధతి మీరే ప్రతిపాదించవచ్చు. రికార్డర్ లాగ్ ఆధారంగానే లెక్క తీస్తామని, పాడైన కెమెరాని ఇన్ని గంటల్లో బాగుచేయాలన్న సేవా నిబంధన ఉంటే దాన్ని విడిగా అమలు చేస్తామని ఇప్పుడే లిఖితపూర్వకంగా తెలియజేయండి. మొదటి నిర్వహణ బిల్లు చెల్లించాక అడిగితే "ఇన్నాళ్లూ ఇలాగే చెల్లించారుగా" అంటారు. కౌన్సిల్ న్యాయవాదికి ఒప్పందం చూపించాకే ఉత్తరం పంపండి.

---

హద్దు_గీత

మూడో ప్రశ్నకు నా సమాధానం: వద్దు. వీధి భద్రత కోసమని పెట్టిన కెమెరాల్ని సహాయం పొందుతున్న మనుషుల మీదికి తిప్పకండి. ఇందులో మర్యాద ప్రశ్న ఒక్కటే లేదు, పని జరగదు కూడా.

ఎందుకు జరగదంటే, భృతి మోసం అన్నది వివరాల్లో ఉంటుంది, ముఖంలో ఉండదు. చనిపోయినవారి పేరు మీద పింఛను వస్తోందా, ఒకే మనిషి రెండు చోట్ల తీసుకుంటున్నారా, జీతం తీసుకుంటున్న ఉద్యోగే నిరుద్యోగ భృతి జాబితాలో ఉన్నారా అన్నవి జాబితాలు పక్కపక్కన పెడితే తేలతాయి. బ్రిటన్‌లో నేషనల్ ఫ్రాడ్ ఇనిషియేటివ్ 1996 నుంచి చేస్తున్నది ఇదే. పింఛన్ల జాబితాని మరణాల నమోదుతో, జీతాల జాబితాని భృతులతో కలిపి చూస్తుంది. అక్కడ మొదటి నియమం: రెండు జాబితాల్లో పేరు కలిసిందంటే విచారించాలని మాత్రమే అర్థం, మోసం జరిగిందని కాదు. పేరూ పుట్టిన తేదీ ఒకటే ఉన్న ఇద్దరు వేరువేరు మనుషులు ఉంటారు. చిరునామా మార్చడం మరిచినవాళ్లుంటారు. నోటీసు ఇచ్చి, జవాబు విని, మనిషే నిర్ణయం తీసుకున్నాక చెల్లింపు ఆపాలి.

ఈ నియమం వదిలేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపించింది. రోబోడెట్ అని పేరుపడిన పథకంలో మనిషి ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు (రెండేసి వారాల కాలాలకు) సమానంగా పంచి, ఆ సగటుని భృతి తీసుకున్న పక్షాలతో పోల్చారు. ఆరు నెలలు పనిచేసి ఆరు నెలలు పని లేకుండా ఉన్నవారికి ఆ పని లేని కాలంలోనూ ఆదాయం ఉన్నట్టు లెక్క తేలింది. లేని బాకీకి నోటీసులు వెళ్లాయి, తమకు బాకీ లేదని నిరూపించుకునే భారం పేదవాళ్ల మీద పడింది. 2023లో రాయల్ కమిషన్ నివేదిక దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నెదర్లాండ్స్‌లో సిరి అనే వ్యవస్థ రకరకాల ప్రభుత్వ జాబితాలు కలిపి భృతి మోసానికి అవకాశం ఉన్నవారిని గుర్తించేది. ఎవరిని ఏ లెక్కన అనుమానిస్తుందో బయటికి చెప్పలేదు. 2020 ఫిబ్రవరిలో హేగ్ జిల్లా కోర్టు ఆ చట్టాన్ని యూరప్ మానవ హక్కుల ఒడంబడికకు విరుద్ధమని కొట్టేసింది.

కౌన్సిళ్లే నేరుగా నిఘా పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో పూల్ కౌన్సిల్ 2008లో ఒక కుటుంబం నిజంగా ఆ బడి పరిధిలోనే ఉంటోందా అని తేల్చడానికి దాదాపు మూడు వారాలు వాళ్ల వెంట రహస్యంగా తిరిగింది. తీవ్రవాదం, నేరాల కోసమని తెచ్చిన చట్టాన్నే దానికి వాడుకుంది. 2010లో ట్రిబ్యునల్ అది చట్టవిరుద్ధమని చెప్పింది. ఆ తర్వాత 2012 నుంచి అక్కడి కౌన్సిళ్లు రహస్య నిఘాకి మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

బర్మింగ్‌హామ్ సంగతి మీ కమిటీకి ఇంకా దగ్గరిది. ముస్లింలు ఎక్కువగా ఉండే స్పార్క్‌బ్రూక్, వాష్‌వుడ్ హీత్ ప్రాంతాల్లో 218 కెమెరాలు పెట్టారు, అందులో 72 రహస్య కెమెరాలు. స్థానిక ప్రతినిధులకు మామూలు నేరాల నివారణ అని చెప్పారు. డబ్బు ఉగ్రవాద నిరోధక నిధి నుంచి వచ్చిందని 2010లో బయటపడింది. జనం నమ్మకం పోయింది, కెమెరాలన్నీ పీకేయాల్సి వచ్చింది. డబ్బు ఏ పద్దు నుంచి వస్తోంది, ఆ పద్దు నియమాల్లో ప్రయోజనం ఏమని రాసి ఉంది అని మొదటి సమావేశంలోనే గట్టిగా అడిగి ఉంటే ఆ మాట అప్పుడే తేలేది.

కాబట్టి కమిటీ చేయాల్సింది ఇది. ఒక్కో కెమెరా ఎందుకోసం అన్నది రాసి, కౌన్సిల్ ఆమోదించి, జనానికి తెలిసేలా పెట్టాలి. ఆ ప్రయోజనం మారాలంటే మళ్లీ కౌన్సిల్ ముందుకే రావాలి, అధికారి స్థాయిలో మారకూడదు. సియాటిల్ 2017 నుంచి నిఘా సాంకేతికత కొనకముందే ప్రభావ నివేదిక, కౌన్సిల్ ఆమోదం తప్పనిసరి చేసింది. ముఖాల్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ తర్వాత అప్‌డేట్‌గా చేరకుండా ఒప్పందంలోనే అడ్డుకట్ట వేయండి. ఒకరి కిటికీలో పడే కెమెరాకి ఆ భాగం శాశ్వతంగా నల్లగా కప్పేయించండి, ఆ సెట్టింగు మార్చే అధికారం కాంట్రాక్టరు చేతిలో ఉండకూడదు.

ఫలితం మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 40 ఏళ్ల అధ్యయనాల్ని కలిపి 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయి. ఎక్కువ ప్రయోజనం పార్కింగ్ స్థలాల్లో కనిపించింది, హింసాత్మక నేరాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. మీ 40 కెమెరాల్లో ఏవి ఎక్కడ ఉండాలో తేల్చేటప్పుడు ఇది పనికొస్తుంది.

---

తీగలూ_స్తంభాలూ

హద్దు_గీత గారు చెప్పినదానికి ఒక్కటి జోడిస్తాను. ఎవరు ఏ ఫుటేజి చూశారో రికార్డర్ లాగ్‌లో ఉంటుంది, కానీ అందరూ అడ్మిన్ అనే ఒకే పేరుతో లాగిన్ అవుతుంటే ఆ లాగ్‌కి విలువే లేదు. మనిషికొక ఖాతా ఉండాలి, డౌన్‌లోడ్ చేసే హక్కు ఇద్దరు ముగ్గురికే ఉండాలి. మూడు నెలలకోసారి లాగ్‌లోంచి పది డౌన్‌లోడ్లు చీటీలు వేసి తీసి, ఒక్కోదానికీ లిఖితపూర్వక అభ్యర్థన ఉందో లేదో చూడండి. అభ్యర్థన దొరకని డౌన్‌లోడ్ ఒక్కటున్నా అది విచారణకు తగ్గ విషయమే. లాగ్ కాపీ రోజూ కౌన్సిల్ సొంత సర్వర్‌కి వెళ్లేలా పెట్టండి. రికార్డర్‌లోనే ఉంటే చెరిపేసినా తెలియదు.

---

ఆడిట్‌_కమిటీ

సమావేశానికి ముందు మాకు ఒకే రోజు దొరుకుతుంది. ఏ క్రమంలో చేయమంటారు?

---

తీగలూ_స్తంభాలూ

బ్యాటరీ పరీక్షకే నాలుగు గంటలు పడుతుంది కాబట్టి పొద్దున్నే అదే మొదలుపెట్టండి. చీటీతో ఎంచిన నాలుగు స్తంభాల మెయిన్ ఆపి, వేళ రాసుకుని వచ్చేయండి. వాటి చిత్రం ఎప్పుడు పోయిందో రికార్డరే చెబుతుంది. ఆ స్తంభాల్ని ఎవరూ తాకకుండా మెయిన్ పెట్టెలకి సీలు వేయండి.

అది నడుస్తుండగా రికార్డర్ గదిలో పది చీటీల పరీక్ష, ఫైళ్ల రిజల్యూషన్, రెయిడ్ స్థితి, డిస్కుల సంఖ్య చూడండి. స్విచ్ నుంచి మాక్ జాబితా తీయించండి. దీనికి కౌన్సిల్ ఐటీ ఉద్యోగి ఒకరు ఉంటే మంచిది, కాంట్రాక్టరు మనిషి పక్కన నిలబడవచ్చు గానీ కీబోర్డు ముట్టుకోకూడదు. మధ్యాహ్నం కేబుల్ కొనలు మూడు నాలుగు చోట్ల గీకి చూడండి, నిరోధం కొలవండి. చీకటి పడ్డాక ముఖం తెలియాలని రాసిన రెండు చోట్ల మనిషిని నిలబెట్టి, రికార్డయిన క్లిప్ తెరిచి చూడండి.

తీసిన ప్రతి క్లిప్‌కీ ఎస్‌హెచ్ఏ-256 విలువ (ఫైల్లో చిన్న మార్పు జరిగినా మారిపోయే గుర్తింపు సంఖ్య) లెక్కగట్టి ఆ రోజు మినిట్స్‌లో రాయించండి. పెన్‌డ్రైవ్ రెండు కాపీలు చేసి, ఒకటి సీలు వేసి కార్యదర్శికి, ఇంకొకటి కమిటీ దగ్గర. చీటీలు కూడా పారేయకుండా ఆ కవరులోనే పెట్టండి, ఏ కెమెరాని ఎందుకు ఎంచారని తర్వాత అడిగితే చూపించవచ్చు.

---

వోచరు_మీద_వోచరు

ఆ రోజు తేలిన లోపాల్ని "సరిచేయాలి" అని రాసి బిల్లు పాస్ చేయకండి. ఒక్కో లోపానికి కెమెరా నంబరు, ఒప్పందంలోని నిబంధన, ఆపి ఉంచే మొత్తం, గడువు తేదీ రాసి, మిగతాది మాత్రమే విడుదల చేయండి. మళ్లీ తనిఖీ కూడా చీటీలతోనే జరుగుతుందని అందులోనే రాయండి, లేకపోతే మీరు చూసిన పది కెమెరాలే బాగవుతాయి.